రాసిపెట్టడం ఆడపిల్లల పనా?

మా అక్క కూతురి బిడ్డకి బారసాల చేశారు మొన్నామధ్య. పీటలమీద మొగుడూ పెళ్లామూ కూర్చున్నారు. పురోహితుడు పళ్లెంలో బియ్యం పరిచి తండ్రిచేత పేరు రాయిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మోగింది దాని ఫోను. మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి అది ఇక ఉండబట్టలేక తీసింది.

"కాదండీ, రెండో స్క్రిప్టు ముందు నడపకూడదు. మొదటిది అయ్యాక ఒకసారి చూసుకుని... అబ్బే, 'న్యూ' అని ఉన్న ఫోల్డరు పాతదండీ. 'ఓల్డ్ టూ' అని ఉందే, అదీ కొత్తది!"

పురోహితుడు మంత్రం ఆపేశాడు. ఒళ్లో పసిగుడ్డు కేరుమంది. మా అక్క మాత్రం వచ్చినవాళ్లందరి వంకా ఒకసారి కలయజూసి, "ఇది లేకపోతే వాళ్ల ఆఫీసు ఒక్కరోజు నడవదమ్మా" అంది. ఆ గొంతులో ఎంత గర్వమో! నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నేను బి.ఏ. చదివిన మనిషిని. స్క్రిప్టంటే నాకు తెలిసింది సినిమావాళ్లది. డాక్యుమెంటంటే రిజిస్ట్రారాఫీసు బయట చెట్టుకింద కూర్చుని రాసేది. కొత్త పేరున్న ఫోల్డరు పాతది కావడమేమిటో, పాత పేరున్నది కొత్తది కావడమేమిటో నాకేం అర్థమవుతుంది? ఆ రాత్రి బిడ్డ పడుకున్నాక దాని పక్కన చేరి అడిగాను. "నీకెందుకు పిన్నీ ఈ గొడవ?" అంటూనే చెప్పింది. విన్నాక తెలిసింది, ఇది కంప్యూటరు గొడవ కాదు, మనింటి గొడవేనని.

స్క్రిప్టంటే మరేం లేదు. రోజూ చేసే పదిపనుల్ని, ఏది ముందో ఏది వెనకో వరసగా రాసి కంప్యూటరుకి అప్పగించే చీటీ. ముందు ఉన్న లెక్కలన్నీ మరోచోట భద్రంగా దాచు, తర్వాత పాత పట్టీ మార్చు, ఆ తర్వాత కొత్త ప్రోగ్రాము పెట్టు, ఇలాగన్నమాట. మంచి స్క్రిప్టు రెండుసార్లు నడిపినా ఏమీ పాడుకాకూడదట. పని అయిందో లేదో అదే ముందు చూసుకుంటుందట. నాకు వెంటనే మా ఇంట్లో సాంబారు గుర్తొచ్చింది. నేనొకసారి, మా అత్తగారొకసారి ఉప్పు వేసిన రోజులు ఎన్నని! ఇక డాక్యుమెంటేషన్ అంటే, ఆ చీటీలు ఎన్ని ఉన్నాయి, ఏది ఎప్పుడు వాడాలి, ఎందుకలా రాశాం, తేడావస్తే ఏం చెయ్యాలి అన్నది మామూలు మాటల్లో రాసిపెట్టుకోవడం.

మా పిల్ల ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పని తనంతట తనే చేసిందట. చిందరవందరగా పడున్న స్క్రిప్టులన్నిటికీ వరస నంబర్లు వేసింది. ప్రతి ఫోల్డరులోనూ 'రీడ్ మీ' అని ఒక కాగితం పెట్టింది. స్క్రిప్టుల్లో ఎవరో రాసి మరచిపోయిన పాస్‌వర్డుల్ని తీసి భద్రమైన చోట పెట్టింది. పనికిరాని పాతవాటిని తీసేసింది. "అయ్యో, మళ్లీ కావలసివస్తేనో?" అన్నాను, అటకమీద పగిలిన గిన్నెలు కూడా దాచుకునే అలవాటు కదా నాది. "గిట్ అని ఒకటుంది పిన్నీ. తీసేసినా పాతదంతా అందులో ఉంటుంది. తేదీతో సహా, ఎవరు మార్చారో పేరుతో సహా" అంది. 2005 నుంచీ ఉందట అది. మన అటకలకి అలాంటిదొకటి ఎవరైనా కనిపెడితే బావుండును.

రెండేళ్లు చేసింది. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజే ఆ కాగితాలు చదువుకుని పనిలోకి దిగేవారట. ఏడాది చివర జీతాల లెక్క వచ్చింది. పై అధికారి దాన్ని పిలిచి, "నీ డాక్యుమెంటేషన్ చాలా బావుంది. అయితే టెక్నికల్‌గా నువ్వేం చేశావు?" అన్నాడట. పక్క సీటు అబ్బాయి రాత్రంతా మేలుకుని ఒక తప్పు సరిదిద్దాడని అందరిముందూ చప్పట్లు కొట్టించారు. ఆ తప్పు వచ్చిందే దీని కాగితం చదవకుండా స్క్రిప్టు నడిపినందుకు! నిప్పంటించుకుని ఆర్పినవాడికి సన్మానం, దీపం జాగ్రత్తగా పెట్టినదానికి "నువ్వేం చేశావు?" అనే ప్రశ్న.

దాంతో మా పిల్లకి రోషమొచ్చి మానేసింది. అందరిలాగే తనూ కొత్తది 'న్యూ' అనీ, ఇంకా కొత్తది 'న్యూ టూ' అనీ పెట్టుకుంటూ పోయింది. ఏడాది తిరిగేసరికి అంతా అడవి. ఆ అడవిలో దారి తెలిసింది దీనొక్కదానికే. పురిటి సెలవుకి ముందు, "రెండువారాలు వేరే పని చెప్పకండి, అన్నీ రాసిపెట్టి వెళ్తాను" అని అడిగిందట. "ముందు ఈ కొత్త పని పూర్తిచెయ్యి, అవన్నీ ఎప్పుడైనా రాసుకోవచ్చు" అన్నారట. ఎప్పుడు? బారసాల పీటలమీదా?

2017లో చట్టం మార్చి మొదటి ఇద్దరు బిడ్డలకీ ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. సంతోషం. మనిషికి సెలవిచ్చారు గాని, ఆఫీసు గుట్టంతా మోస్తున్న ఆమె తలకాయకి సెలవివ్వలేదే! ఈ జబ్బుకి సాఫ్ట్‌వేరువాళ్లు ఒక పేరు కూడా పెట్టుకున్నారట: 'బస్ ఫ్యాక్టర్' అని. ఎంతమంది బస్సుకింద పడితే ఆ పని ఆగిపోతుందో ఆ లెక్క. ఒక్కరు పడితేనే ఆగిపోయేటట్టుంటే ప్రమాదమన్నమాట. ఏం అపశకునపు పేరు! బస్సు దాకా ఎందుకు, పురుడొస్తే చాలదూ?

ఇదేదో కాగితాల మీద సరదా అనుకునేవాళ్లకి ఒక సంగతి చెబుతాను. అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్లు కొని అమ్మే పెద్ద కంపెనీ ఉండేది. 2012 ఆగస్టు 1వ తేదీన, కొత్త ప్రోగ్రాము 8 సర్వర్లలో పెట్టవలసివుండగా ఒకదానిలో పెట్టలేదు. ఆ ఒక్కదానిలో, 2003లోనే వాడడం మానేసిన పాత ప్రోగ్రాము, తీసెయ్యకుండా వదిలేసింది, నిద్రపోతోంది. మార్కెట్టు తెరవగానే లేచి కూర్చుంది. ఇష్టమొచ్చినట్టు కొనడం, అమ్మడం. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా హారతి కర్పూరం! మరుసటి ఏడు అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ విచారించి 1 కోటీ 20 లక్షల డాలర్లు జరిమానా వేసింది. అందులో వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటేమిటో తెలుసా? ఒకరు పెట్టినదాన్ని మరొకరు సరిచూడాలని రాసిపెట్టుకున్న పద్ధతి ఆ కంపెనీలో లేదట. ఆ ఒక్క కాగితమే అన్నిటినీ ఆపేదని నేననను. కానీ అది రాయడానికి ఎంత సేపు పట్టేది చెప్పండి?

ఈ మాట మా అల్లుడితో అంటే (అతనూ ఆ ఉద్యోగమే), "రాసినవన్నీ నాలుగునాళ్లకి పాతబడతాయి పిన్నిగారూ. ప్రోగ్రాము ఒక్కటే నిజం" అన్నాడు. ఇందులో సగం నిజమని ఒప్పుకుంటాను. తప్పుదారి చూపే బోర్డుకంటే బోర్డు లేకపోవడమే నయం. కానీ అందుకు మందు రాయడం మానడమా? స్క్రిప్టు మార్చినవాడే, ఆ చేత్తోనే, ఆ పూటే కాగితం కూడా మార్చాలి. రెండూ ఒకచోటే ఉండాలి. కాగితం మారందే స్క్రిప్టు మారినట్టు లెక్కకట్టకూడదు. 2001లో అమెరికాలో 17 మంది పెద్దలు మంచుకొండల మీద కూడి, పుటలకొద్దీ రాసే కాగితాలకంటే పనిచేసే ప్రోగ్రాముకే ఎక్కువ విలువనిస్తాం అని ప్రకటన చేశారట. మా అల్లుడు అది వల్లించాడు. కాగితానికీ విలువుందని అందులోనే కింద రాశారే, అదెందుకు వల్లించడు? అన్నట్టు, ఆ 17 మందిలో ఒక్క ఆడమనిషైనా లేదు.

"ఇప్పుడు ఏఐ వచ్చిందిగా, అదే రాసిపెడుతుంది" అన్నాడు మళ్లీ. రాస్తుంది బాబూ. ఈ ప్రోగ్రాము ఏం చేస్తోందో చక్కగా చెబుతుంది. ఫలానా రాత్రి, ఫలానావారితో మాట్లాడి, ఎందుకలా చెయ్యవలసివచ్చిందో ఎవరూ ఎక్కడా చెప్పకపోతే, దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ 'ఎందుకు' నీ భార్య బుర్రలో ఉంది. ఆమె ఒళ్లో పాలకేడుస్తున్న నీ బిడ్డ ఉంది.

మరి రాసే పని ఆడపిల్లల నెత్తినే ఎందుకు పడుతోంది? "నీ చేతిరాత బావుంటుంది, నీకు ఓపిక ఎక్కువ" అంటారు. కంప్యూటరులో చేతిరాతేమిటి, నా శ్రాద్ధం! అమెరికాలో నలుగురు స్త్రీ పరిశోధకులు దీన్నే పరీక్ష చేసి 2017లో అచ్చువేశారు. ముగ్గురేసి మనుషుల జట్టు. ఎవరో ఒకరు మీట నొక్కాలి. నొక్కినవాళ్లకి మిగతా ఇద్దరికంటే తక్కువ డబ్బు. ఎవరూ నొక్కకపోతే అందరికీ ఇంకా తక్కువ. ఆడా మగా కలిసివున్న జట్టుల్లో నొక్కింది ఎక్కువగా ఆడవాళ్లే. సరే, మన స్వభావమే అంత అనుకుందామా? కేవలం మగవాళ్లనే కూర్చోబెట్టి చూస్తే, వాళ్లూ ఆడవాళ్ల జట్టులంత చక్కగానూ నొక్కారట! చేతకాక కాదు, ఓపికలేక కాదు. గదిలో ఆడమనిషి ఉంటే, ఆమె చేస్తుందిలే అని.

ఇంత రాశాక నా తప్పు దాచుకోవడం న్యాయం కాదు. పోయినేడు మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి నాలుగురోజులు విశాఖపట్నం వెళ్లాను. మా వారి దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. గ్యాసు పుస్తకం ఎక్కడ? ఇన్వర్టరువాడి పేరేమిటి? నాన్నగారి బి.పి. మాత్ర పొద్దుటిదా, రాత్రిదా? పెళ్లివారింట్లో అందరూ వినేటట్టు గట్టిగా జవాబులు చెప్పాను. ఆనాడు నా మొహం కూడా సరిగ్గా బారసాలనాటి మా అక్క మొహంలాగే వెలిగిపోయి ఉంటుంది. నేను లేకపోతే ఈ ఇల్లు గడవదు అనుకోవడంలో ఒక తీపి ఉంది. ఆ తీపికోసం మామగారి మాత్రల వివరం నా తలలోనే దాచుకు తిరిగాను. ఆ రోజు నా ఫోను మూగబోయి ఉంటే? మా వారు అడగకుండానే ఏదో ఒకటి వేసేసి ఉంటే?

మనల్ని అందరూ వాడుకుంటున్నారని కోప్పడతాం, నిజమే. తాళాలగుత్తి బొడ్డునుంచి తియ్యమంటే మాత్రం మనకే ప్రాణం ఒప్పదు.

మా పిల్ల సెలవయ్యాక వెళ్లి మొదటిరోజే పేచీ పెట్టిందట. రాసే పని వంతులు వేసుకోవాలి, వారానికొకరు, ఆ పై అధికారితో సహా. జీతాల లెక్కలో దానికీ ఒక గడి ఉండాలి. వంతులకి ఒప్పుకున్నారట. గడి సంగతి చూద్దామన్నారట. చూద్దామన్నవాళ్లు ఎన్నాళ్లు చూస్తారో చూసి, మళ్లీ అడుగుతానంది.

నేనూ ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొని, ఇంటి సంగతులన్నీ రాసి వంటింటి మేకుకి వేలాడదీశాను. మొదటి పేజీలో మామగారి మాత్రలు. నాలుగోరోజు మా వారు ఎర్ర పెన్నుతో ఒకచోట గీతపెట్టి నాకు చూపించారు. నేను రాసిన పాలవాడి నంబరు మారి ఆరునెలలైందట.