పారిస్ విందులో ధాన్యం, మన ఇంట కొర్ర

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి వివాహానికి అనంతపురంలో విందు ఏర్పాటు చేశాను. వంటవారు వ్రాసి తెచ్చిన పట్టికలో రాగిసంగటి, కొర్రన్నం చూసి, "పెద్దమనుషులు వస్తారు, ఇవి వద్దు" అని నేనే కొట్టివేశాను. భోజనాల వేళ మా అమ్మ మెల్లగా "ఏం నాయనా, సంగటి లేదా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న మనసును తొలుస్తుండగానే అలెన్ డ్యుకాస్ అనే ఫ్రెంచి పాకశాస్త్ర ప్రవీణుని గురించి చదివాను. 1956లో జన్మించిన ఆయన నైఋతి ఫ్రాన్సులో వ్యవసాయ కుటుంబంలో పెరిగారు. 1984లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయనొక్కరే బ్రతికి బయటపడ్డారు. 1987లో మాంటెకార్లోలోని ఒక హోటల్ భోజనశాల బాధ్యతను స్వీకరించి, 1990లో దానికి మిషెలిన్ వారి మూడు నక్షత్రాలు సాధించారు. భోజనశాలలకు ఆ సంస్థ ఇచ్చే అత్యున్నత శ్రేణి అదే. అటుపిమ్మట పారిస్, లండన్, టోక్యో నగరాలకు ఆయన భోజనశాలలు విస్తరించాయి. అంతటివాడు 2014లో పారిస్‌లోని ప్లాజా అతెనే హోటల్‌లో మాంసాన్ని పక్కనపెట్టి, కూరగాయలు, ధాన్యాలు, చేపలనే ఆధారం చేసుకొని విందు రూపొందించారు. 2021 వరకు ఆ భోజనశాలను నడిపారు. సంపన్నుల పంక్తిలో ధాన్యానికి పీట వేయడానికి ఆయన సంకోచించలేదు. సొంత ఊరిలో నేను సంకోచించాను.

ఈ సంకోచం ఒక్క ఇంటితో పోదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టనేలలో కొర్ర మూడు నెలల్లో చేతికి వస్తుంది. వేరుశనగ విస్తరించిన కొద్దీ కొర్ర, జొన్న చేలు తగ్గిపోయాయి. 1990లో చెన్నేకొత్తపల్లి వద్ద ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు చిరుధాన్యాలను మళ్ళీ సాగులోకి తెచ్చేందుకు కృషి చేస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. అయినా మనం కొనని ధాన్యాన్ని రైతు ఎందుకు విత్తుతాడు?

ఆయుర్వేదం తృణధాన్యాలకు రూక్షగుణం ఉన్నదని చెప్పింది. అందుకే మన పెద్దలు కొర్రన్నంలో నెయ్యి వేసి, చివర మజ్జిగ పోసుకొనేవారు. కప్పు కొర్రలను కడిగి, ఆరు గంటలు నానబెట్టి, రెండున్నర కప్పుల నీటితో సన్నని సెగపై ఉడికించండి. మొదట వారానికి రెండు పూటలు చాలు. జీర్ణశక్తిని బట్టి పెంచుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు దీనిని ఔషధమని భ్రమించి మందులు మానరాదు. కొర్రన్నమైనా మితంగానే తినాలి. థైరాయిడ్ సమస్య ఉన్నవారు వైద్యుని సలహా తీసుకోవాలి.

త్వరలో మా అబ్బాయి పెళ్ళి. ఈసారి పట్టికలో మొదటి వరుసలో సంగటి వ్రాయించాను. అడిగిన అమ్మ మాత్రం నేడు లేదు. మీ ఇంట అడిగే పెద్దలుంటే, దయచేసి ఆలస్యం చేయకండి.