ప్రాణం దక్కుతోంది.. వ్యసనం మిగులుతోంది!

అత్యవసర విభాగంలోనే చికిత్స మొదలు కావాలి
నంద్యాలలో ఆరంభించి ఆళ్లగడ్డలో కొనసాగిస్తేనే ఫలితం

నంద్యాల, ఆళ్లగడ్డ: మత్తుమందు మోతాదు మించి స్పృహ తప్పిన రోగిని 108 వాహనంలో ఆసుపత్రికి చేరుస్తారు. వైద్యులు ఊపిరి నిలబెడతారు. కోలుకున్నాక ఇంటికి పంపుతారు. కాగితం మీద వైద్యం అంతటితో ముగుస్తుంది. రోగిని ఆసుపత్రి దాకా తెచ్చిన జబ్బు మాత్రం అతని వెంటే ఇంటికి వెళుతుంది. వ్యసన చికిత్సను అత్యవసర విభాగం నుంచే మొదలుపెట్టాలన్న ఆలోచనకు మూలం ఇదే.

మాత్రతో మొదలు

నల్లమందు, హెరాయిన్ మాత్రమే ఈ కోవలోకి వస్తాయనుకుంటే పొరపాటు. నొప్పికి వాడే ట్రమడాల్, పెంటజోసిన్, దగ్గు మందులో కలిపే కోడీన్ కూడా అదే జాతివి. పొలం పనులు, రాతిపనులపై ఆధారపడే ప్రాంతాల్లో ఒళ్లు నొప్పుల మాత్ర అలవాటుగా మారే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ట్రమడాల్‌ను కేంద్రం 2018లో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి తెచ్చింది.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. దేశంలో 2.26 కోట్ల మంది ఈ తరహా మందులు వాడుతున్నారని అంచనా వేసింది. వ్యసనం ముదిరిన వారిలో సగానికి పైగా ఉన్న 8 రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌నూ పేర్కొంది. మాదకద్రవ్యాలకు బానిసలైన 20 మందిలో ఒక్కరే ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి చికిత్స పొందారని తేల్చింది.

చికిత్స ఎక్కడ తెగుతోంది?

ఊపిరి అందని రోగికి నాలోక్సోన్ అనే విరుగుడు ఇస్తారు. దాని ప్రభావం అర గంట నుంచి గంటన్నర వరకే ఉంటుంది. అది తగ్గాక మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు కనుక రోగిని కనిపెట్టుకుని ఉండాలి. ఆ తర్వాత ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి పీడిస్తాయి. వాటిని తాళలేకనే చాలామంది మళ్లీ మత్తును ఆశ్రయిస్తారు. కొద్ది రోజులు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. రెండోసారి ప్రాణం పోవడానికి అదే కారణమవుతుంది.

ఈ బాధను అణచే మందు బ్యుప్రెనార్ఫిన్. మానిన లక్షణాలు కనిపించాకే దీన్ని మొదలుపెట్టాలి. తొందరపడితే బాధ రెట్టింపవుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 329 మంది రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. చిరునామా ఇచ్చి పంపిన వారిలో 37 శాతం, కొంత నచ్చజెప్పి పంపిన వారిలో 45 శాతం నెల తర్వాత చికిత్సలో ఉన్నారు. అత్యవసర విభాగంలోనే మందు మొదలుపెట్టిన వారిలో ఆ సంఖ్య 78 శాతం.

నలుగురూ కలిస్తేనే..

మందు ఒక్కటే చాలదు. అత్యవసర విభాగం వైద్యుడు చికిత్స మొదలుపెడతాడు. ఒక నర్సు లేదా కౌన్సిలర్ రోగి పేరు రాసుకుని, రాకపోతే ఫోన్ చేస్తారు. మానసిక వైద్యుడు ఆ జాబితాను వారం వారం చూసి మోతాదు సరిచేస్తాడు. ఇంటికి దగ్గరలోని వైద్యుడు మందు కొనసాగిస్తాడు. సమన్వయ వైద్యమంటే ఇదే.

నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడంతో ఇక్కడి ఆసుపత్రి బోధనాసుపత్రి హోదా పొందింది. చికిత్స మొదలుపెట్టేందుకు తగిన చోటు ఇదే. అసలు పరీక్ష ఆళ్లగడ్డలో ఎదురవుతుంది. రెండు పట్టణాల మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. మాత్ర కోసం పదే పదే నంద్యాలకు రావాలంటే కూలీకి ఆ రోజు పని పోతుంది, పైగా బస్సు చార్జీలు. రెండు వారాలు తిరిగి మూడో వారం మానేస్తే తప్పు రోగిదని అనలేం. ఈ మందు బయటి దుకాణాల్లో దొరకదు. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే ఇవ్వాలి. అందువల్ల ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఇచ్చే ఏర్పాటు, శిక్షణ పొందిన వైద్యుడు ఉంటే తప్ప గొలుసు నిలవదు.

భయమే అడ్డుగోడ

పోలీసు కేసవుతుందన్న భయం, పరువు పోతుందన్న బెంగ కుటుంబాలను ఆసుపత్రికి దూరంగా ఉంచుతున్నాయి. మత్తు వాడకం నేరమే అయినా, స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొచ్చే బానిసలకు 1985 నాటి చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తోంది. చికిత్స పూర్తిచేయడం అందుకు షరతు. ఈ సంగతి ఆసుపత్రి గోడపై తెలుగులో రాసి ఉంటే కొందరైనా ధైర్యంగా నోరు విప్పుతారు. టెలిమానస్ 14416, వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446 నంబర్లను డిశ్చార్జి చీటీపైనే ముద్రించవచ్చు.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. నంద్యాలలో ఒక రిజిస్టరు, దాన్ని చూసే ఒక నర్సు, ఆళ్లగడ్డలో మందు నిల్వ, మానసిక వైద్యుని ఫోన్ సలహా ఉంటే పని మొదలవుతుంది. డిశ్చార్జి అయిన రోగి వారం తర్వాత ఎక్కడున్నాడో చెప్పగలిగిన నాడే ఆసుపత్రి అతన్ని నిజంగా కాపాడినట్లు. వైద్య, ఆరోగ్య శాఖ అధికారులు ఆ దిశగా చొరవ చూపవలసి ఉంది.