పానాకంటే ముందు పుస్తకం

పాత సామాను విషయంలో మన ఇళ్ళల్లో ఎప్పుడూ రెండు పార్టీలుంటాయి. ఒకరు పారేయమంటారు, ఇంకొకరు ఉంచమంటారు. ఇత్తడి గంగాళమైతే అటక ఎక్కించి రాజీపడవచ్చు. అంబాసిడర్ కారును ఏ అటక ఎక్కిస్తాం?

పుణెలో స్థిరపడిన మా తోడల్లుడుగారింట్లో అలాంటి కారే ఒకటుంది. 1972లో వాళ్ళ నాన్నగారు కొన్న మార్క్ టూ. కొన్నాళ్ళుగా పొగ ఎక్కువైంది, ఆయిలు తాగుతోంది. "ఇంజను బోరుకొచ్చింది. దీన్ని తీసేసి డీజిల్ ఇంజను బిగిద్దాం, ఖర్చు సగానికి సగం తగ్గుతుంది" అన్నాడట అక్కడి మెకానిక్కు. "అన్నయ్యగారూ, సరే అనమంటారా?" అని ఆయన నాకు ఫోను చేశారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఇంజను సంగతి అడిగినా ముందు కాగితాలే చూస్తాను. చూడబట్టే ఈసారి ఈ శీర్షికకు విషయం దొరికింది.

2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు ఇందులోకి వస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషను చేయించుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్ళ తరువాత పొడిగించుకోవడానికి 5,000 రూపాయలు రుసుము. రోజువారీ పనులకు, కిరాయికి ఆ బండిని తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకువెళ్ళవచ్చు. అసలు షరతు ఒకటుంది. బండి మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులను మార్చి ఉండకూడదు. అంటే డీజిల్ ఇంజను బిగించిన రోజే ఆ కారు ఆ అర్హత పోగొట్టుకుంటుంది. సగం ఖర్చు మిగులుతుందన్న మాటలో ఈ నష్టం లెక్కకు రాలేదు.

కనుక ఉన్న ఇంజనునే బాగుచేయించాలి. అంబాసిడర్ల తయారీ ఉత్తరపారాలో 2014 మే నెలలో ఆగిపోయింది. ఈ ఇంజను తెలిసిన పాత మెకానిక్కులు ఏటా తగ్గిపోతున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య కాగితం మీద దొరికేది మాన్యువల్ లోనే. కాబట్టి బోల్టు విప్పకముందే పుస్తకం సంపాదించాలి.

ఏ పుస్తకం? బండితోపాటు ఇచ్చే చిన్న హ్యాండ్‌బుక్కు చాలదు. కావలసినవి రెండు. మొదటిది వర్క్‌షాప్ మాన్యువల్, అందులో కొలతలు, బిగింపు లెక్కలు ఉంటాయి. రెండవది స్పేర్‌పార్ట్స్ క్యాటలాగు, అందులో ఏ భాగం దేని పక్కన కూర్చుంటుందో బొమ్మలతో చూపుతారు. 1972 నాటి అంబాసిడర్‌లో ఉన్నది బ్రిటన్‌లోని బి.ఎం.సి. సంస్థవారి బి సిరీస్ ఇంజను, 1489 సి.సి. అందుచేత హిందుస్తాన్ మోటార్స్ వారి పుస్తకం దొరక్కపోయినా, అదే ఇంజనుతో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మాన్యువల్ పనికివస్తుంది. అయితే బి సిరీస్ అన్న పేరు చూసి ఎం.జి.బి. కారు పుస్తకం కొనకండి. అది 1798 సి.సి., కొలతలు కలవవు. తరువాత వచ్చిన ఇసుజు ఇంజను అంబాసిడర్ అయితే పుస్తకమే పూర్తిగా వేరు.

చెన్నై పుదుపేట, బెంగుళూరు జె.సి. రోడ్డు అంగళ్ళలో విడిభాగాలతోపాటు పుస్తకాల ఆచూకీ కూడా అడగండి. బెంగుళూరు అవెన్యూ రోడ్డు, హైదరాబాదు కోఠీ పాత పుస్తకాల దుకాణాలూ చూడదగినవే. కంప్యూటరులో స్కాన్ ప్రతులు కూడా దొరుకుతున్నాయి. ఏది దొరికినా ముందు ఇంజను సి.సి., మోడలు సరిచూసుకోండి.

ఇక పనిముట్లు. ఇక్కడ మూడు లెక్కలున్నాయి. ఫియట్, ప్రీమియర్ పద్మినిలది మిల్లీమీటరు లెక్క. అంబాసిడర్ బి సిరీస్ ఇంజనుది అంగుళాల ఎ.ఎఫ్. లెక్క. అంటే పానా మీద ఉన్న అంకె నట్టు ఎదురెదురు అంచుల మధ్య దూరం. అంతకు ముందుతరం బ్రిటిష్ బండ్లది విట్‌వర్త్ లెక్క. అందులో అంకె బోల్టు లావును చెబుతుంది, నట్టు వెడల్పును కాదు. అర అంగుళం ఎ.ఎఫ్. పానా నోరు 12.7 మి.మీ. పావు అంగుళం విట్‌వర్త్‌ది 13.3 మి.మీ. వీటి మధ్య మన ఇళ్ళల్లో ఉండే 13 నంబరు పానా. మూడూ చూపుకు ఒకటే. అర అంగుళం నట్టు మీద 13 నంబరు పట్టిస్తే మొదటిసారి తిరుగుతుంది, రెండోసారి జారుతుంది, మూడోసారికి నట్టు అంచులు గుండ్రమవుతాయి. కనుక ఎ.ఎఫ్. రింగు పానాల సెట్టు ఒకటి కొనవలసిందే. ఫీలర్ గేజి, టార్క్ రెంచి కూడా సొంతానికి ఉంటే మంచిది. రింగ్ కంప్రెసర్, వాల్వ్ స్ప్రింగ్ నొక్కే పనిముట్టు ఒక్కసారి పనికి అద్దెకో చేబదులుకో తెచ్చుకోవచ్చు.

టార్క్ రెంచి కొనేటప్పుడు దాని మీది లెక్క చూడండి. పాత మాన్యువల్స్‌లో బిగింపు అడుగు-పౌనుల్లో ఉంటుంది. 40 అడుగు-పౌనులంటే దాదాపు 5.5 కిలో-మీటర్లు, లేదా 54 న్యూటన్-మీటర్లు. విదేశీ మారకంలో లాగే ఇక్కడా మార్పిడి రేటు తప్పితే నష్టం మనదే.

డబ్బు ఎక్కువగా పోయేది బోరు దగ్గర. ఈ ఇంజను సిలిండరు అసలు వ్యాసం 73.025 మి.మీ. అరిగిపోతే పెద్దది చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. 10, 20, 30, 40 'థౌ' అనేవి ఆ మెట్లు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పిస్టన్లు చేతికి వచ్చి, వాటిని కొలిచిన తరువాతే బోరు కొట్టించాలి. 30 కొట్టించాక మార్కెట్లో 40 మాత్రమే దొరికితే మళ్ళీ లేత్ ఖర్చు. అక్కడితో మెట్లు కూడా అయిపోతాయి.

మా తోడల్లుడుగారు ఈ వరుసే పాటించారు. ముందు క్యాటలాగు దొరికింది. పుదుపేటలో 20 థౌ పిస్టన్లు దొరికాక పుణెలో బోరు కొట్టించారు. మరాఠీ మెకానిక్కుకు ఇంగ్లీషు చదవడం అంతగా రాదు. అందుకని ఆయన కూతురు ప్రతి కొలతనూ నోటుపుస్తకంలో రాసి, పక్కన తెలుగులోనూ మరాఠీలోనూ భాగం పేరు వేసింది. ఖర్చు డీజిల్ ఇంజనుకన్నా ఎక్కువే అయింది. కారు మాత్రం తాతగారు కొన్న కారుగానే మిగిలింది.

మన సభ్యుల ఇళ్ళల్లో అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ మాన్యువల్స్ ఇంకా ఉండే ఉంటాయి. కొత్తిల్లు మారేటప్పుడు వాటిని తూకానికి వెయ్యకండి. ఒక జిరాక్సు తీయించి సంఘం గ్రంథాలయానికి ఇవ్వండి. మీ కారు అమ్ముడైపోయినా, ఆ పుస్తకం కోసం ఇంకో ఊళ్ళో ఎవరో వెదుకుతూ ఉంటారు.