పేరు పాతది, పాట కొత్తదేనా?

1978లో ఆచార్య ఆత్రేయ ఓ చిత్రమైన పని చేశాడు. బాలచందర్ ‘మరో చరిత్ర’ కోసం తెలుగు సినిమాల పేర్లే ఏరుకొచ్చి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి పాట కట్టాడు. ఆ పాట ఎత్తుగడే 1961లో వచ్చిన ‘కలసి ఉంటే కలదు సుఖం’ సినిమా పేరు. అదే ‘మరో చరిత్ర’లో ఆయనే రాసిన ‘భలే భలే మగాడివోయ్’ పాట పేరు 37 ఏళ్ళ తర్వాత, 2015లో, నాని సినిమాకు పేరైంది. సినిమా పేర్లు తీసుకుని పాట రాసినవాడి పాట పేరును సినిమావాళ్ళు తీసుకున్నారు. చెల్లుకు చెల్లు.

ఆ రెండు పాటలకూ గొంతిచ్చింది బాలు. రాసినాయనది సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడు. పాడినాయనది నెల్లూరు తిప్పరాజువారి వీధి. జిల్లాల విభజనలో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్ళిపోయినా, ఆత్రేయను మాత్రం మేం ఎవరికీ ఇవ్వలేదు. పులికాట్ నుంచి పెన్న దాకా ఉన్న ఈ తీరంవాళ్ళకి, పాత పాట పేరు కొత్త పాటకు పెట్టవచ్చా అన్న తగువులో ఒక మాట చెప్పే చనువు ఉందనుకుంటాను.

చట్టాన్ని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ‘దేశీ బాయ్జ్’ అనే హిందీ సినిమా పేరు మీద నడిచిన కేసులో, రచన పేరుకు కాపీరైటు ఉండదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అమెరికా కాపీరైట్ ఆఫీసుదీ అదే మాట. 1984, 85లలో ‘ది పవర్ ఆఫ్ లవ్’ అన్న ఒక్క పేరుతో మూడు వేరువేరు ఇంగ్లిష్ పాటలు వచ్చాయి, మూడూ మోగిపోయాయి. ఎవరూ ఎవరి మీదా కోర్టుకెక్కలేదు. మన దగ్గర సినిమా పేర్లయితే ఫిలిం ఛాంబర్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. అక్కడ పేచీలొస్తే ‘ఖలేజా’ కాస్తా ‘మహేష్ ఖలేజా’ అవుతుంది. పాటలకు అలాంటి రిజిస్టరూ లేదు.

కానీ మన పాట సంగతి వేరు. ఇంగ్లిష్ పాటకు రాసినవాడు విడిగా పేరు పెడతాడు. ఆ మాట పాటలో ఎక్కడో ఉండొచ్చు, అసలు లేకనూపోవచ్చు. తెలుగు పాటకు బారసాల ఉండదు. పల్లవి మొదటి మాటలే దాని పేరు. అంచేత పేరు తీసుకోవడమంటే పాటలో మొదటి ముక్క తీసుకోవడమే. చట్టం వదిలేసిన ఆ రెండు మూడు మాటల కోసమే కవి రాత్రిళ్ళు కూర్చుంటాడు. రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని ఆత్రేయ మీద ఒక నానుడి ఉంది కదా, ఆ మొదటి ఏడుపు చాలావరకు పల్లవి దగ్గరిదే అయుంటుంది.

అలాగని ముట్టుకోకూడదనడానికి నాకు నోరు రాదు. మన సంగీతంలో ఇది తప్పుగా ఎన్నడూ లేదు. త్యాగరాజస్వామే ‘నగుమోము’ అని రెండు కీర్తనలు ఎత్తుకున్నాడు, ఒకటి ఆభేరిలో, ఒకటి మధ్యమావతిలో. కృతుల పుస్తకాల్లో ప్రతి ఎత్తుగడ పక్కనా రాగం, తాళం, కర్త పేరు వేస్తారు. అందుకే కచేరీలో ఏ నగుమోము అన్న గందరగోళం రాదు.

ఇక ‘సామజవరగమన’ చేసిన ప్రయాణం చూడండి. త్యాగయ్య హిందోళంలో కృష్ణుణ్ణి పిలిచిన పిలుపు అది. 1980లో ‘శంకరాభరణం’లో వేటూరి ఆ కీర్తన ఎత్తుగడనే పల్లవిగా నిలిపి, చరణాలు తనవి రాసుకున్నాడు. బాలు, జానకి పాడారు. నా లెక్కలో అరువంటే అది. ఆ నీడలో నిలబడి కూడా చరణం తన కాళ్ళమీద తను నడుస్తుంది. నలభై ఏళ్ళకు ‘అల వైకుంఠపురములో’ కోసం సీతారామశాస్త్రి ఆ మాట ఒక్కటే తీసుకుని ప్రేమపాట రాశాడు. రాగం లేదు, కృష్ణుడు లేడు. కొందరు పెద్దలకు కష్టమనిపించింది. నాకనిపించలేదు. సామజమంటే ఏనుగు. ఏనుగు నడకను ఆడవాళ్ళకిచ్చి పొగడటం మన ప్రబంధకవుల పాత అలవాటే, శాస్త్రి ఆ మాటను మళ్ళీ నాయిక దగ్గరికి చేర్చాడు. పాత పేరును కొత్త పనిలో పెట్టాడు.

2023లో అదే పేరుతో శ్రీవిష్ణు సినిమా వచ్చింది. అంతకుముందు 2019లో అదే హీరోకు ‘బ్రోచేవారెవరురా’. అది మైసూరు వాసుదేవాచార్య ఖమాస్ కృతి, దీన్నీ ‘శంకరాభరణం’ ఇంటింటికీ చేర్చింది. ఎవరికో ఆ సినిమాలోని శంకరశాస్త్రి మీద మమకారం గట్టిగానే ఉంది. సినిమాలు నవ్వించాయి, కాదనను. అయితే పేరు చేసిన పని బోర్డు మీద మెరవడమే. ఈ దారిలో జంధ్యాల ముందే నడిచాడు. ‘మాయాబజార్’ పాటల నుంచి ‘అహ నా పెళ్ళంట’, ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’ అని మూడు సినిమాలకు పేర్లు పెట్టాడు. ఆయన మీద నాకు పక్షపాతం, ఏమీ అనలేను. 2002లో ‘లాహిరి లాహిరి లాహిరిలో’ కూడా వెళ్ళిపోయాక ‘మాయాబజార్’ కవి పింగళివారి మూటలో ఇంకేం మిగిలిందా అని చూసుకోవలసి వచ్చింది.

అసలు నష్టం మరో చోట ఉంది. మా వైపు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకు పాట పేరు రాసి చీటీ పంపుతారు. ‘సామజవరగమన’ అని చీటీ వస్తే గాయకుడు మైకులోనే అడుగుతాడు, పాతదా కొత్తదా అని. సభలో పెద్దాయన ఒకరూ కుర్రాడొకడూ చెరోటి కేకేస్తారు, అదో సరదా. ఫోనులో ఆ పేరు కొట్టండి, అది అడగదు. ఎక్కువమంది విన్నదే ముందుకు తోస్తుంది, అంటే కొత్తదే. త్యాగయ్యకు ఢోకా లేదనుకోండి, ఆయనకు ఏటా ఆరాధన ఉంది. ఏ మోస్తరు సినిమాలోనో ఒక్క మంచి పాటకు మాట రాసి వెళ్ళిపోయినవాడి సంగతి? అతని పల్లవి పేరును నేటి హిట్టు ఆక్రమిస్తే, వెతికేవాడికి అతనిక దొరకడు.

కొన్ని పల్లవులకు ఈ వాదన వర్తించదనీ ఒప్పుకోవాలి. ఆత్రేయవే చూడండి, సగం ఎత్తుగడలు మన ఇళ్ళలో రోజూ వినబడే మాటల్లా ఉంటాయి. భలే మగాడివోయ్ అని ఆయనకంటే ముందు ఎందరన్నారో! అలాంటి మాట మీద ఆయనకే హక్కు లేదు, ఇక మనం ఎవరిని నిలదీస్తాం? ‘లాహిరి లాహిరి’ అలా వీధిలో దొరికే మాట కాదు. వీధి మాటయితే అడగకుండా వాడుకోవచ్చు. కవి పుట్టించిన మాటయితే కవి పేరు చెప్పి వాడుకోవాలి.

చెప్పడానికి ఖర్చేముంది? కృతుల పుస్తకాల పద్ధతే చాలు. యూట్యూబులో పాట కింద నిర్మాత నుంచి డ్రోన్ నడిపినవాడి దాకా అందరి పేర్లూ వేస్తున్నారు. పల్లవి ఫలానా పాటలోది, రాసింది ఫలానా కవి అని ఇంకొక్క వరస పట్టదా? ఎన్నికలొస్తే కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట ఆటోల మీద పాత సినిమా పాటల వరసల్లో అభ్యర్థుల పేర్లు ఊరేగుతాయి. వాళ్ళను నేనేమీ అడగను, ఓట్లు పడ్డాక ఆ పాటలు వాళ్ళకే గుర్తుండవు. పది కాలాలు నిలవాలని పాట చేసేవాళ్ళనే అడుగుతున్నాను.