నేరం అక్షరానిది కాదు

ఆన్‌లైన్ ఫారంలో పేరు నింపగానే ‘స్పెషల్ క్యారెక్టర్లు వాడరాదు’ అని ఎర్రగా హెచ్చరిక వస్తుంది. డిసౌజా ఇంగ్లిష్ స్పెల్లింగులోని అపాస్ట్రఫీ అక్కడ నేరం. చాలాచోట్ల తెలుగు లిపి మొత్తం నేరమే. ఎందుకని అడిగితే ‘భద్రత కోసం’ అంటారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే.

ఫారంలో వచ్చిన మాటను ప్రోగ్రామర్ డేటాబేస్‌కు పంపే తన ఎస్‌క్యూఎల్ ఆజ్ఞలో నేరుగా అతికిస్తే, ఒక్క సింగిల్ కోట్, అంటే ఆ అపాస్ట్రఫీయే, ఆ మాటను అక్కడితో ముగించి, ఆ తర్వాతి అక్షరాలను ఆజ్ఞగా మార్చేయగలదు. దాన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. తప్పు కోట్‌ది కాదు, అతికించిన చేతిది.

పోనీ, కోట్‌ను నిషేధిస్తే గండం గడుస్తుందా? అంకె అడిగిన గడిలో ఇంగ్లిష్‌లో ‘1 ఆర్ 1’ (1 లేదా 1) అని కొట్టి చూడండి. అందులో ఒక్క ప్రత్యేక అక్షరమూ లేదు. అయినా దాన్ని అలాగే అతికించుకున్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఆజ్ఞలో షరతు పట్టికలోని ప్రతి వరుసకూ నిజమై కూర్చుంటుంది.

వెబ్ ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ ఒకప్పుడు మరో దారి తొక్కింది. ‘మ్యాజిక్ కోట్స్’ పేరుతో, వచ్చిన ప్రతి కోట్ ముందూ తనే ఒక బ్యాక్‌స్లాష్ చేర్చేది. ఇంజెక్షన్ ఆగలేదు సరికదా, జనం పేర్ల మధ్య గీతలు మొలిచాయి. 2012లో 5.4 వెర్షన్‌తో దాన్ని పూర్తిగా తీసేశారు.

అసలు మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. అందులో ఆజ్ఞ వేరు, విలువ వేరు. విలువలో ఏమున్నా డేటాబేస్ దాన్ని ఆజ్ఞగా చదవదు. ఆ విలువను తిరిగి పేజీలో చూపేటప్పుడు, బ్రౌజర్ దాన్ని కోడ్‌గా చదవకుండా హెచ్‌టీఎంఎల్ ఎస్కేపింగ్ చేయాలి. మైఎస్‌క్యూఎల్ అయితే ఏ లిపినైనా, ఎమోజీనైనా దాచుకోవడానికి 2010 నుంచీ యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర సంకేత పద్ధతి ఉంది.

ఫోన్ నంబరులో అంకెలే ఉండాలనడం సబబే. అయితే అది పొరపాట్లు పట్టే తనిఖీ, దొంగను ఆపే తాళం కాదు.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక రూపంలో కనబడితే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ తెలుగును నిషేధించలేదు, ఐఓఎస్ 11.2.6తో తన లోపాన్ని సరిదిద్దుకుంది. మన ఫారాలు తయారుచేసేవారు చేయాల్సిందీ అదే: పౌరుడి పేరు జోలికి పోకుండా, తమ కోడ్‌ను దిద్దుకోవాలి.