ఆట మధ్యలో చీకటయ్యే తెర

కంప్యూటరులో ఆట మంచి రసపట్టులో ఉండగా తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. లోపలి ఫ్యాన్లు హోరెత్తుతాయి. కొన్నిసార్లు యంత్రం మొత్తం ఆగిపోయి, దానంతట అదే తిరిగి మొదలవుతుంది. ఉత్తరాలు టైపు చేసేటప్పుడు, సినిమా చూసేటప్పుడు మాత్రం అదే యంత్రం గంటల తరబడి నిక్షేపంగా పనిచేస్తుంది. కనుక మొదటి అనుమానం ఆట మీదికి పోతుంది. దానిని తీసివేసి మళ్ళీ ఎక్కిస్తారు. ఆ తరువాత విండోస్‌ను కూడా మళ్ళీ ఎక్కిస్తారు. అప్పటికీ లాభం లేకపోతే, తెర మీది బొమ్మలను గీసే గ్రాఫిక్స్ కార్డే చెడిపోయిందన్న నిర్ణయానికి వస్తారు. ఆటల కోసం కూర్చిన యంత్రంలో తరచు అన్నిటికంటె ఖరీదైన భాగం అదే. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు విచారించవలసిన ముద్దాయి మరొకటి ఉన్నది: ఆ కార్డుకు చేరే విద్యుత్తు.

బజారులో ఎస్.ఎం.పి.ఎస్. అని పిలిచే పెట్టె, గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకు దించి కార్డుకు అందిస్తుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల వద్ద తీసుకొనేది నాలుగు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డుకు 12 వోల్టుల వద్ద 25 ఆంపియర్లు కావాలి. వాట్లు మూడవ వంతుకు లోపు, ప్రవాహం దాదాపు ఆరు రెట్లు! ఇందులో కొంత కార్డు కూర్చున్న స్లాటు గుండా, మిగిలినది తీగల ద్వారా వస్తుంది. స్లాటు ఇవ్వగలిగినది 75 వాట్లు. ఆరు పిన్నుల ప్లగ్గు మరొక 75, ఎనిమిది పిన్నులది 150.

ఇంత ప్రవాహం దగ్గర స్వల్పమైన లోపమే పెద్దదవుతుంది. వదులైన ప్లగ్గు, సన్నని తీగ కలిసి ఓములో యాభయ్యో వంతు నిరోధం కల్పించాయనుకుందాం. 20 ఆంపియర్లు పారేటప్పుడు 0.4 వోల్టు దారిలోనే హరించుకొనిపోతుంది. 8 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. 12 వోల్టులు 11.4 కంటె దిగరాదన్నది ఈ పెట్టెలకు చాలాకాలం పాటు విధించిన నియమం. ఉత్తరం టైపు చేసేటప్పుడు కార్డు లాగేది కొద్దిపాటి కరెంటు గనుక ఈ లోపం బయటపడదు.

అన్నిటికంటె మోసపుచ్చేది సగటు లెక్క. అట్టపెట్టె మీద 300 వాట్లని అచ్చువేసిన కార్డు, సెకనులో వెయ్యో వంతుకు లోపు కాలం దానికి రెట్టింపు దాకా లాగడం కద్దు. బోరు మోటారు వేసిన క్షణంలో ఇంట్లో దీపాలు మసకబారడం అందరూ ఎరిగినదే; ఇదీ ఆ జాతిదే. ఆ క్షణికమైన తాకిడికి ఎస్.ఎం.పి.ఎస్.లోని రక్షణ ఏర్పాటు ఉలిక్కిపడి యంత్రాన్ని ఆపివేస్తుంది. పెట్టె చెడిపోలేదు, తన ధర్మం తాను నెరవేర్చింది. 2022లో వెలువడిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణం ఈ సంగతిని గుర్తించి, సెకనులో పదివేలవ వంతు పాటు తమ స్థాయికి రెట్టింపు భారాన్ని సైతం పెద్ద పెట్టెలు ఓర్చుకోవాలని నిర్దేశించింది.

2021 జూలైలో అమెజాన్ సంస్థ ‘న్యూ వరల్డ్’ అనే ఆటను పరీక్షార్థం విడుదల చేసినప్పుడు, కొందరి ఆర్.టి.ఎక్స్. 3090 కార్డులు శాశ్వతంగా మూగబోయాయి. యుద్ధం సాగుతుండగా కాదు, నిశ్చలంగా కనిపించే మెనూ తెర వద్దనే అలా జరిగిందని పలువురు ఫిర్యాదు చేశారు. ఇందులో వింత లేదు. అక్కడ గీయవలసిన బొమ్మ తేలిక. సెకనుకు ఇన్నే గీయాలన్న కట్టడి లేకపోతే కార్డు వందల కొలది బొమ్మలు గీస్తూ శక్తినంతా ధారపోస్తుంది. నింద ఆట మీద పడింది. చచ్చిన తమ కార్డులకు ఎక్స్-రే తీయించిన ఇ.వి.జి.ఎ. సంస్థ మాత్రం, విద్యుత్తును నియంత్రించే మాస్‌ఫెట్ల చుట్టూ టంకం పని సరిగా జరగలేదని ఒప్పుకొన్నది.

యంత్రం ఆగే తీరును బట్టి లోపం చోటును కొంత ఊహించవచ్చును. అంతా ఒక్కసారి ఆరిపోతే ఎస్.ఎం.పి.ఎస్.నో, దాని వెనుకనున్న యు.పి.ఎస్.నో అనుమానించాలి. తెర నల్లబడినా పాట వినిపిస్తూనే ఉంటే కార్డును, దాని తీగలను చూడాలి. ఆట ఒక్కటే మూతపడి విండోస్ నిలిచి ఉంటే, విద్యుత్తు కంటె డ్రైవరో మెమరీయో ఆటలోని తప్పులో కారణమయ్యే అవకాశం ఎక్కువ. విండోస్ రాసుకొనే చిట్టాలో ‘కెర్నెల్-పవర్ 41’ అన్న పద్దు చూసి, పవర్ అన్న మాట ఉన్నది కదా అని ఎస్.ఎం.పి.ఎస్. మార్చేవారున్నారు. యంత్రం పద్ధతిగా మూతపడలేదని తప్ప ఆ పద్దు మరేమీ చెప్పదు.

ఖర్చులేని పరీక్షలు ముందు చేయాలి. వేగం కోసం ఓవర్‌క్లాకింగ్ చేసి ఉంటే దానిని రద్దు చేయాలి. సాఫ్ట్‌వేరు ద్వారా కార్డు విద్యుత్ పరిమితిని 70 శాతానికి తగ్గించి, అదే ఆటను అదే ఘట్టంలో ఆడి చూడాలి. పది నిమిషాలకు పడిపోయే యంత్రం రెండు గంటలు నిలిస్తే అనుమానం బలపడినట్టే. రుజువైనట్టు కాదు, వేడెక్కి తడబడే కార్డు కూడా ఈ పరీక్షలో కుదుటపడుతుంది. ఒకే తీగ కొసన రెండు ప్లగ్గులు వేలాడుతుంటే వాటికి బదులు రెండు వేర్వేరు తీగలు వేయాలి. కొందరి ఇబ్బంది ఇంతటితోనే తీరిపోతుంది. తీరకపోతే, స్నేహితుని వద్ద సరిపడిన ఎస్.ఎం.పి.ఎస్.ను ఒక్కరోజుకు ఎరువు తెచ్చి చూడడం మేలు. తెచ్చినప్పుడు దాని తీగలను కూడా తేవాలి. ఊడదీసి తగిలించే తీగలకు కార్డు వైపు కొస అందరిదీ ఒకటే. పెట్టె వైపు అమరిక ఒక్కొక్క తయారీదారుది ఒక్కొక్క తీరు. ఒకరి తీగ మరొకరి పెట్టెలో చక్కగా దిగి, యంత్రంలోని డిస్కులను కాల్చివేయవచ్చును.

మన దేశంలో యు.పి.ఎస్. చిక్కు అదనం. 600 వి.ఎ. అన్న అంకెను 600 వాట్లని భావించడం పరిపాటి; అలాంటివి చాలావరకు మోయగలిగినది 360 వాట్లే. ఆట సమయంలో కార్డు, ప్రాసెసరు, మానిటరు కలిసి ఆ హద్దు దాటడం కష్టం కాదు. పైగా చౌకరకం యు.పి.ఎస్. బ్యాటరీ మీదికి మారినప్పుడు ఇచ్చే మెట్లు మెట్లుగా ఉండే తరంగం కొన్ని ఆధునిక ఎస్.ఎం.పి.ఎస్.లకు పడదు. కరెంటు మినుకుమన్నప్పుడల్లా ఆట పడిపోతుంటే, ఒక సాయంత్రం యు.పి.ఎస్.ను తప్పించి గోడ ప్లగ్గుకే తగిలించి చూడాలి.

వీటన్నిటిలోనూ ప్రమాదకరమైనది ప్లగ్గు కాలడం. 2022 అక్టోబరులో వచ్చిన 450 వాట్ల ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుల మీద పదహారు పిన్నుల కొత్తరకం ప్లగ్గులు కొన్ని, నెల తిరగకుండానే కరిగిపోయాయి. పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక కారణమని తేలింది. 2023లో సవరించిన నమూనాలో, ప్లగ్గు సరిగా దిగనిదే కార్డు విద్యుత్తు లాగకుండా సూచక పిన్నులను పొట్టివి చేశారు. పాత రకం వాడేవారు గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు రంగు మారిందేమో, కమురువాసన వస్తున్నదేమో చూసుకోవాలి. ఎస్.ఎం.పి.ఎస్. మూత మాత్రం తీయరాదు. స్విచ్చి ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చును. ప్లగ్గు కమిలి కనిపిస్తే ఫోటో తీసి, కార్డునూ తీగనూ కలిపి దుకాణానికి తీసుకొనిపోవాలి. కార్డు ఒక్కటే వెళ్ళినట్లయితే, వారిచ్చే కొత్త కార్డు తిరిగివచ్చి ఆ కమిలిన తీగకే తగులుకుంటుంది.