నుస్ఖా లేని గోలీ

మన జగ్గయ్యపేట, నందిగామ మొహల్లాల్లో ఫార్మసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే పిల్లలున్నారు. అమ్మాయిలూ ఉన్నారు, మాషా అల్లాహ్. ఆ పిల్లలకు యాంటీబయోటిక్ వాడకం గురించి ఎవరు, ఎక్కడ నేర్పుతున్నారన్నది మాత్రం మనం అడగని సవాల్.

పుస్తకాల్లో లేదని కాదు. 2019 నాటి ఎంబీబీఎస్ సిలబస్‌లో యాంటీబయోటిక్‌ని తూచి వాడడం ఒక పాఠమే. ఏ మందు ఏ క్రిమి మీద పనిచేస్తుందో ఫార్మసీ పిల్లలూ చదివే పాసవుతారు. అసలు ఇమ్తిహాన్ మెడికల్ షాపు కౌంటర్ దగ్గర మొదలవుతుంది. పక్కింటి ఖాలా వచ్చి, "బేటా, మనవడికి జలుబు, బుఖార్. పోయినసారి వేసిన అజిత్రో గోలీలే మూడు ఇవ్వు" అంటుంది. ఇవ్వనంటే బద్‌తమీజ్. పైగా ఖాలా ఎదురు షాపుకి పోతుంది, ఓనరు ముఖం మాడుతుంది.

కానూన్ సాఫ్‌గానే ఉంది. అమోక్సిసిలిన్, అజిత్రోమైసిన్ డాక్టర్ నుస్ఖా లేకుండా అమ్మకూడదు. సెఫిక్సిమ్ లాంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. డాక్టర్ పేరు, మరీజ్ పేరు, మందు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్ మీది ఎర్రగీత అర్థం కూడా అదే, చీటీ లేకుండా వాడొద్దని. అది డిజైన్ అనుకునేవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు.

జలుబు చాలావరకు వైరస్‌తో వచ్చేది, దాని మీద ఈ గోలీ పనిచేయదు. ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా మాత్రం ఆ మందుకు అలవాటు పడి మొండికేస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది పోయారని అంచనా. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రీసెర్చ్ నడిపిన లెడర్లే కంపెనీ నుంచే 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. మన తెలుగువాడి మెహనత్ కూడా కలిసిన ఈ అమానత్‌ని జలుబులకు ఖర్చు పెట్టేస్తున్నాం.

ఖాలాని జాహిల్ అనకండి. డాక్టర్ దగ్గరకెళ్తే ఫీజు, ఆటో, ఒకపూట కూలి పోతాయి. ఆమె లెక్క ఆమెకుంది. అందుకే కౌంటర్ దగ్గర మాట్లాడడాన్నే కాలేజీలు ప్రాక్టికల్‌గా పెట్టాలి. ఒకరు ఖాలా అవ్వాలి, ఒకరు కౌంటర్‌లో నిలబడాలి. "లేదు" అని ఊరుకోకుండా, "ఖాలా, ఆయాసం వచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే చూపించు, బుఖార్ తగ్గకపోయినా ఆగొద్దు" అని మన జబాన్‌లోనే అదబ్‌గా చెప్పడం రావాలి.

అది ఒక్కటే నేర్పి వదిలేస్తే పిల్లల మీద జుల్మే. ఓనరే చీటీ లేకుండా అమ్ముతుంటే, కొత్తగా చేరిన పిల్లవాడు ఏం ఆపగలడు? డిప్లొమా ఫార్మసీలో 500 గంటల ట్రైనింగ్ ఉంటుంది. రిజిస్టర్ రాయని షాపులో ఆ 500 గంటలూ నేర్చుకునేది రాయకపోవడమే. ఏటా నవంబర్ 18 నుంచి 24 వరకు యాంటీబయోటిక్ వారం వస్తుంది, ర్యాలీలు, బ్యానర్లు అవుతాయి. ఈసారి ఫీజు కట్టడానికి వెళ్లే అబ్బాజాన్‌లు ఒక్క మాట అడగండి: "మా పిల్లను ఏ షాపుకి పంపుతున్నారు? అక్కడ హెచ్1 రిజిస్టర్ మీరు కళ్లారా చూశారా?"